రైట్ క్లిక్‌లో ఒదిగిన పనితనం

మద్రాసు గవర్నర్ థామస్ మన్రో 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో చనిపోయాడు. ఆ సంగతి ఏదో వెబ్ పేజీలో చదువుతుంటే పక్కనే రాజులమండగిరి పేరు తగులుతుంది. అక్కడ అశోకుడి శాసనం ఉంది. ఆ పేరును సెలెక్ట్ చేసి రైట్ క్లిక్ చేస్తే మెనూలో ‘తెలుగు వికీపీడియాలో రాజులమండగిరి కోసం వెతుకు’ అని ఒక వరుస. నొక్కగానే కొత్త ట్యాబ్ తెరుచుకుంటుంది, చదివే పేజీ ఉన్నచోటే ఉంటుంది.

ఈ వరుస మనం చేర్చుకున్నది. బ్రౌజర్‌తో వచ్చే వరుసైతే ఎంచిన మాటను డిఫాల్ట్ సెర్చ్ ఇంజన్‌కే పంపుతుంది. మనకు కావలసిన చోటికి పంపేందుకు క్రోమ్‌లో చిన్న ఎక్స్‌టెన్షన్ రాసుకోవచ్చు, కోడ్ ఒక పేజీ కూడా నిండదు. మెనూ వరుసలో శాతం గుర్తు, దాని పక్కన ఎస్ అక్షరం రాసిపెడితే చాలు, ఎంచిన మాటను క్రోమే అక్కడ కూర్చోబెడుతుంది. దేన్ని వెతకబోతున్నామో నొక్కకముందే కళ్లకు కడుతుంది.

నాకు అంతకన్నా నచ్చింది ఈ ఎక్స్‌టెన్షన్ మర్యాద. నొక్కినప్పుడు ఎంచిన మాట, పేజీ చిరునామా వంటి కొద్ది వివరాలే దానికి అందుతాయి. పేజీలో మిగతాది చదివే అనుమతి అక్కర్లేదు. ఇంతమాత్రం పనికి ‘అన్ని సైట్లలో మీ డేటా చూస్తాను’ అని అడిగే ఎక్స్‌టెన్షన్‌ను నేనైతే గడప తొక్కనివ్వను.

అసలు చాకిరీ తెర వెనక జరుగుతుంది. పత్తికొండ మన కంటికి నాలుగక్షరాలే. యూనికోడ్‌లో ఒత్తు, గుడి, సున్నా విడివిడిగా లెక్కకొచ్చి తొమ్మిదవుతాయి. యూటీఎఫ్-8లో ఒక్కోదానికి మూడేసి బైట్లు, మొత్తం 27. వెబ్ చిరునామాలో ప్రతి బైటూ శాతం గుర్తుతో కలిపి మూడు అక్షరాల చోటు తీసుకుంటుంది కాబట్టి చివరికి 81. జావాస్క్రిప్ట్‌లో ఈ మార్పిడి అంతా ఒకే ఫంక్షన్ పని. అది మరిస్తే, ‘అండ్’ గుర్తున్న కంపెనీ పేరు ఎంచినప్పుడు ఆ గుర్తు దగ్గరే మాట తెగిపోతుంది.

ఫోన్లలోనూ ఈ సదుపాయం ఉంది. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6.0 నుంచి, ఎంచిన మాట మీద తేలే మెనూలో బయటి యాప్‌లు కూడా తమ వరుస చేర్చుకోవచ్చు.

చిక్కల్లా మన విభక్తులతోనే. డబుల్ క్లిక్ చేస్తే ‘పత్తికొండలో’ మొత్తం ఎంపికవుతుంది, ఊరి వ్యాసం నేరుగా తెరుచుకోదు. చివరి ‘లో’ను కోసెయ్యమని కోడ్ రాయొచ్చు. అప్పుడు ‘కిలో’ కాస్తా ‘కి’ అవుతుంది. టమాటా మార్కెట్ ఉన్న పత్తికొండలో ఆ బేరం కుదరదు.