రెగే దరువూ, మన డప్పూ

రెగే దరువు తేలికన్న అభిప్రాయం డ్రమ్ సెట్టు నేర్చుకునే యువకుల్లో బాగా పాతుకుపోయింది. నాలుగు మాత్రల్లో మూడోదాని మీద ఒక్క బలమైన దెబ్బ, అంతేగదా అంటారు. లెక్కకు అంతే. నాదెండ్లలో ఉండి ఈ దరువులు సాధన చేస్తున్నవాణ్ణి గనుక, ఈ అభిప్రాయంలోని నిజానిజాలు పరిశీలించడం అవసరమనుకుంటున్నాను.

ముందు రూపం చూద్దాం. రాక్ సంగీతంలో సాధారణంగా మొదటి మాత్రకే కాలు బేస్ డ్రమ్మును మోదుతుంది. మన సంగీతంలో సమానికి ఉన్న గౌరవమూ తెలిసిందే. ‘వన్ డ్రాప్’ అనే రెగే దరువులో ఆ మొదటి మాత్ర ఖాళీ. బేస్ డ్రమ్ము దెబ్బా, స్నేర్ అంచు మీద పుల్లను అడ్డంగా వేసే దెబ్బా కలిసి మూడో మాత్ర మీద పడతాయి. రెండు, నాలుగు మాత్రల మీద గిటారు తుంచినట్టు పలుకుతుంది. రెగేకు ఇదొక్కటే దరువు కాదు. ‘స్టెపర్స్’లో బేస్ డ్రమ్ము ప్రతి మాత్రకూ మోగుతుంది. 1970ల నడుమ స్లై డన్‌బార్ ప్రచారంలోకి తెచ్చిన ‘రాకర్స్’లో దాని నడక ఇంకా చురుకైనది.

అయితే వన్ డ్రాప్‌లో కష్టం కొట్టడంలో లేదు, ఆగడంలో ఉంది. అలవాటుపడిన కాలు మొదటి మాత్రకు తనంతట తానే లేస్తుంది. దాన్ని ఆపినంత మాత్రాన చాలదు, ఆ ఖాళీలోనూ కాలం నడుస్తూ ఉండాలి. అది తోటి వాద్యాలకు విడిచిన చోటు. వైలర్స్ బృందంలో డ్రమ్ములు వాయించిన కార్ల్‌టన్ బారెట్ (1950–1987), బేస్ గిటారు వాయించిన అతని అన్న ఆస్టన్ బారెట్ (1946–2024) – ఈ ఇద్దరి వాదనం వింటే సంగతి బోధపడుతుంది. ఒకరు వదిలినదాన్ని మరొకరు అందుకుంటారు. కాబట్టి ఇది గదిలో ఒంటరిగా కూచుని పూర్తిగా నేర్చుకోగల విద్య కాదు.

ఇక ఈ దరువు పుట్టుక సంగతి. జమైకాకు బానిసలుగా చేరిన ఆఫ్రికన్ల సంతతివారు ‘బురు’ డోళ్ళను నిలుపుకొన్నారు. కింగ్‌స్టన్ పక్కన వారైకా కొండ దగ్గర కౌంట్ ఆసీ (1926–1976) శిబిరంలో రాస్తాఫారీలు ఆ సంప్రదాయాన్ని అందుకుని డోళ్ళు వాయించేవారు. మర్యాదస్థులు వాళ్ళను ఈసడించుకున్నారు. స్కటలైట్స్ బృందపు డ్రమ్మరు లాయిడ్ నిబ్ (1931–2011) అక్కడికే వెళ్ళి విన్నాడు. విన్న దరువును డ్రమ్ సెట్టు మీదికి తెచ్చాడు. ఆ స్కా సంగీతమే రాక్‌స్టెడీగా మారి, 1968 నాటికి రెగే అయింది. ఈసడింపుల మధ్య పెరిగిన ఈ సంగీతాన్ని 2018లో యునెస్కో మానవజాతి వారసత్వంలో చేర్చుకుంది.

ఇంతకూ నాదెండ్లకు దీనితో ఏం పని? మా వైపు డప్పు కొట్టే ఇళ్ళ పిల్లలు డ్రమ్ సెట్టు ముందు కూచున్నప్పుడు తమ ఇంటి విద్య మాట దాచుకోవడం నేను చూశాను. నేర్పేవాళ్ళు కూడా వాళ్ళను ఏమీ తెలియనివాళ్ళ కిందే జమకట్టి అ ఆల నుంచి మొదలుపెడతారు. కుడిచేత చిర్ర, ఎడమచేత చిటికెనపుల్ల రెండు వేరు వేరు పనులు చేస్తుంటే, అడుగు వేస్తూ మూడో పని చేసే కుర్రవాడికి చేతినీ కాలినీ విడదీయడం కొత్తగా నేర్పాలా? డప్పును విద్యగా లెక్కించకపోవడానికి కారణం సంగీతంలో లేదు. డప్పు పట్టినవాడి కులంలో ఉంది.

పరాయి సంగీతం మనకెందుకని కొందరు అడుగుతారు. సరుకు ఎక్కడిదన్నది కాదు ప్రశ్న, దాన్ని ఏం చేసుకుంటామన్నది ప్రశ్న. 1920లో గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్, జంగం కథగా ఉన్న బుర్రకథను ప్రజానాట్యమండలి వేదిక మీద కొత్త వస్తువుతో నిలబెట్టాడు. గుమ్మెటలను చిన్నచూపు చూసి అవతల పెట్టలేదు. 1986లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. కింగ్‌స్టన్‌లో నిబ్ చేసిందీ ఇలాంటి పనే.

అందుచేత, రెగే నేర్పదలచినవారు శిష్యుణ్ణి మొట్టమొదట ఇంటి నుంచి డప్పు తెమ్మనాలి. దాన్ని మంట దగ్గర కాచి, వచ్చిన దరువులన్నీ కొట్టించుకుని, శ్రద్ధగా వినాలి. డ్రమ్ సెట్టు పాఠం ఆ తరువాత మొదలుపెట్టవచ్చు.