ఎవరి చెవికి ఎంత బేస్?

కారులో పాటలు వినేవాళ్ల మధ్య బేస్ దగ్గర వచ్చినన్ని తగువులు ఇంకెక్కడా రావు. మా అక్క కొడుకు వినేది తీన్మార్ డీజే మిక్సులు. దెబ్బ పడితే సీటు అదరాలి. నేను వినేది ఇళయరాజా. ఆ పాటల్లో బేస్ గిటార్ పలికే ప్రతి స్వరం విడిగా వినపడాలి. నా కారెక్కితే చాలు, "మామయ్యా, ఇందులో ఊపేదీ?" అంటాడు.

ఇద్దరివీ పన్నెండంగుళాల సబ్‌వూఫర్లే. తేడా అంతా డిక్కీలోని పెట్టెలో ఉంది. నాది సీల్డ్ బాక్సు. లోపల బందీ అయిన గాలి కోన్‌ను అదుపులో ఉంచుతుంది కాబట్టి దెబ్బ పడి వెంటనే ఆగిపోతుంది. వాడిది పోర్టెడ్ బాక్సు. దాని గొట్టంలో ఊగే గాలి కూడా కోన్‌కు తోడై, అదే యాంప్లిఫయర్‌తో ఎక్కువ మోత పుట్టిస్తుంది. కొలత కుదరని పెట్టె మాత్రం ఏ పాట వేసినా ఒకేలా గుయ్యిమంటుంది. దాన్ని అభిరుచి అంటే నేనొప్పుకోను.

చెవి సంగతి వేరు. శబ్దం తగ్గేకొద్దీ మనకు ముందు దూరమయ్యేది బేసేనని 1933లోనే బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ కొలిచి చూపించారు. నెమ్మదిగా వినేవాళ్లు బేస్ పెంచుకోవడం సబబే. పైగా ఇంటి ముందు కారు ఆపి సరిచేసుకున్న బేస్ హైవే ఎక్కగానే టైర్ల రొదలో పలచబడిపోతుంది.

మృదంగం వాయించేవారు ఎడమ మూత మీద తడిపిన రవ్వ ముద్ద అద్దడం చూడండి. కాస్త పెట్టి, తట్టి విని, మళ్లీ గోకి తీస్తారు. ఎంత ఉంచాలో చెప్పేది వాళ్ల చెవే. మంచి మెకానిక్కూ అంతే. ముందు మీరు ఏ పాటలు వింటారో అడుగుతాడు, పెట్టె సంగతి ఆ తర్వాతే ఎత్తుతాడు.

పెట్టె మార్చే ముందు ఒక పని చేయండి. చాలా యాంప్లిఫయర్లకు 0, 180 అని ఫేజ్ స్విచ్ ఉంటుంది. మీరు డ్రైవర్ సీట్లో కూర్చుని, బాగా తెలిసిన పాట పెట్టి, వెనక ఎవరినైనా ఆ స్విచ్ అటూ ఇటూ మార్చమనండి. ఒకవైపు బేస్ డిక్కీలోనే ఉండిపోతుంది. రెండోవైపు నిండుగా, డాష్‌బోర్డు మీంచి వస్తున్నట్టు వినిపిస్తుంది. అక్కడ వదిలేయండి. మా కారులో అలా మార్చిన రోజు మావాడు మోత పెంచుదామని యాంప్లిఫయర్ గెయిన్ జోలికి పోలేదు.