ఒప్పుకోలు పత్రంలో ‘నేను’ ఎవరు?

2014లో మా పిన్ని సంతకం పెట్టిన పత్రం నకలు ఒకటి నా దగ్గర ఉంది. ఇరవై రెండు పేజీలు, తెలుగులో. పిన్నికి అప్పుడు యాభై రెండేళ్లు. మెడ పక్కన గడ్డలు లేచాయి. పరీక్షలు చేస్తే లింఫోమా అని తేలింది. హైదరాబాదులో ఒక పెద్దాసుపత్రిలో ఆమెను క్లినికల్ ట్రయల్‌లో చేర్చుకున్నారు. మామూలుగా ఇచ్చే చికిత్సకు ఒక కొత్త మందు కలిపితే ఇంకా మేలు జరుగుతుందా అన్నది అక్కడ తేల్చుకోవాల్సిన ప్రశ్న. ఆ పత్రాన్ని ఇన్నేళ్లలో చాలాసార్లు చదివాను. మొదట భయంతో, తర్వాత కోపంతో. ఇప్పుడు మాత్రం కథలనూ కవితలనూ ఏ ప్రశ్నలతో చదవాలో స్త్రీవాద విమర్శ నాకు నేర్పిందో, ఆ ప్రశ్నలతోనే చదువుతున్నాను. ఇందులో మాట్లాడుతున్నది ఎవరు? ఎవరితో? ఎవరి ఊసే లేదు?

చివరి పేజీ అంతా ఉత్తమ పురుషలో ఉంటుంది. నేను చదివాను, నాకు అర్థమైంది, నా ఇష్టంతోనే పాల్గొంటున్నాను అనే ధోరణిలో సాగుతుంది. సాహిత్యంలో ‘నేను’ అని రాసుకోవడానికి స్త్రీలు ఎంత పెనుగులాడారో ఈ పత్రిక చదివేవాళ్లకు కొత్తగా చెప్పనక్కర్లేదు. ఇక్కడ ఆ ‘నేను’ ముందే అచ్చయి సిద్ధంగా ఉంది. కింద సంతకం చేయడమే తరువాయి. పైగా ఆ తెలుగు పిన్ని తెలుగు కాదు. ‘యాదృచ్ఛికీకరణ’ అంటుంది. ‘ప్రతికూల సంఘటన’ అంటుంది. ఇంగ్లీషు పత్రాన్ని మాటకు మాటగా దించిన ఆ భాష ఇంగ్లీషు వచ్చినవాళ్లకే కాస్త అర్థమవుతుంది.

2013 చివర్లో మన దేశంలో ఈ ఒప్పుకోలును వీడియో తీయడం తప్పనిసరి చేశారు. 2015లో ఆ నిబంధనను సడలించి కొన్ని సందర్భాలకే పరిమితం చేశారు. పిన్నిది తప్పనిసరిగా తీస్తున్న కాలం. కెమెరా పెట్టారు. “ఇష్టపూర్వకంగానే చేరుతున్నారా అమ్మా?” అని అడిగారు. పిన్ని బాబాయి వైపు చూసింది. బాబాయి తల ఊపాడు. “సరేనండీ” అంది పిన్ని. నేను ఆ గదిలోనే ఉన్నాను. చట్టం కోరిన సాక్ష్యమంతా ఆ వీడియోలో ఉంటుంది. పిన్ని తల తిప్పి చూసిన ఆ క్షణానికి ఏం విలువ కట్టాలో చట్టానికి తెలియదు. మౌనం అర్ధాంగీకారం అని పెళ్లిచూపుల దగ్గర నుంచి మన ఆడవాళ్ల తరఫున ఎవరో ఒకరు ఒప్పుకుంటూనే ఉన్నారు. అలా పెరిగిన మనిషిని ఒక్కసారిగా కెమెరా ముందు కూర్చోబెట్టి సొంత నిర్ణయం చెప్పమంటే ఆమె ఎక్కడి నుంచి తెచ్చి చెబుతుంది?

2009లో ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా ఆడపిల్లలకు టీకాలు వేసినప్పుడు హాస్టల్ పిల్లల ఒప్పుకోలు పత్రాల మీద వార్డెన్లు సంతకాలు చేశారు. ఆ పిల్లల్లో చాలామంది గిరిజనులు. అది ట్రయల్ కాదు, ‘డెమాన్‌స్ట్రేషన్ ప్రాజెక్టు’ అన్నారు. పేరు మారిస్తే అడగాల్సిన బాధ్యత తగ్గిపోతుందన్నట్టు! టీకా మంచిదే కావచ్చు. అడగకపోవడం మాత్రం తప్పే. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం కూడా ఆ ఒప్పుకోళ్ల తీరును తీవ్రంగా తప్పుపట్టింది.

ఇంతవరకూ చదివి నేను ట్రయల్స్‌కే వ్యతిరేకమని అనుకోవద్దు. పిన్నికి మామూలు చికిత్సగా ఇచ్చిన ఆర్‌-చాప్ కూడా ట్రయల్స్‌లో తేలినదే. అందులో ఒక మందు విన్‌క్రిస్టిన్. మన పెరళ్లలో పూసే బిళ్ళగన్నేరు నుంచి తీసింది. మరొకటి రిటుక్సిమాబ్. దీన్ని పాత చాప్ చికిత్సకు కలిపితే మేలా అని ఫ్రాన్సు, దాని ఇరుగుపొరుగు దేశాల్లో 60 నుంచి 80 ఏళ్ల మధ్య ఉన్న 399 మందిని అడిగి, రెండు గుంపులు చేసి చూశారు. 2002లో ఫలితం అచ్చయింది. కొత్తది కలిపిన 202 మందిలో 76 శాతానికి, పాతదే ఇచ్చిన 197 మందిలో 63 శాతానికి జబ్బు పూర్తిగా కనిపించకుండా పోయింది. రెండేళ్లకు బతికి ఉన్నవారు 70 శాతం, 57 శాతం. 2007లో హైదరాబాదు కంపెనీ డాక్టర్ రెడ్డీస్ రిటుక్సిమాబ్‌ను ఇక్కడే తయారుచేసి అమ్మడం మొదలుపెట్టింది. పిన్ని చేతి నరంలోకి ఎక్కిన ప్రతి చుక్క వెనుకా ఆ 197 మంది కూడా ఉన్నారు. పాత చికిత్స వంతు వచ్చి, దానితోనే ఉండిపోయి, కొత్తది మేలని మనకు చెప్పినవాళ్లు వాళ్లే.

ఎవరికి ఏ గుంపు వస్తుందో కంప్యూటర్ నిర్ణయిస్తుందని చెప్పినప్పుడు పిన్ని నన్ను పక్కకు పిలిచి, “ఏమే, చీటీ తీసినట్టా?” అంది. ఇరవై రెండు పేజీలు చెప్పలేని సంగతిని ఒక్క మాటలో పట్టుకుంది. అవును, చీటీయే. ఏది మేలో డాక్టర్లకు కూడా నిజంగా తెలియనప్పుడే ఆ చీటీ తీయడం న్యాయం. ‘మాకు తెలియదు’ అని డాక్టరు రోగితో ఒప్పుకోవడం వైద్యంలో అరుదైన సంగతి. ఒప్పుకోలు పత్రంలో అన్నిటికంటే విలువైన వాక్యం అదే కావాలి. మా దగ్గరున్న పత్రంలో అది పదకొండో పేజీలో, కర్మణి వాక్యంలో దాక్కుని ఉంది.

ఇక ఈ పత్రంలో స్త్రీ స్త్రీగా కనిపించేది ఒక్కచోటే. గర్భం రాకుండా జాగ్రత్తలు తీసుకోవాలి, పరీక్షలు చేయించుకోవాలి, లేదా గర్భధారణకు అవకాశం లేదని నిర్ధారించాలి. పిన్నికి ముప్పై ఆరో ఏటే గర్భసంచి తీసేశారు. అవసరమో కాదో అప్పుడు ఎవరూ ఆమెకు చెప్పలేదు. ఇక్కడ ఒక గడిలో టిక్కు పెట్టి ముందుకు వెళ్లారు. పిండానికి హాని జరగకూడదన్న జాగ్రత్త అవసరమే. కానీ స్త్రీ గురించి తెలుసుకోవాల్సింది అంతేనా? 1977లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ, ప్రాణాంతక వ్యాధులను మినహాయించి, పిల్లలు కనగల వయసు స్త్రీలను తొలిదశ ట్రయల్స్‌లో చేర్చవద్దంది. 1993లో ఆ మాట వెనక్కి తీసుకుంది. స్త్రీని గర్భసంచిగా చూసే చూపు మాత్రం పత్రాల్లో మిగిలే ఉంది.

అడగాల్సిన ప్రశ్న అడగకపోతే నష్టం స్త్రీలకే కాదు. రిటుక్సిమాబ్‌ను ఏళ్ల తరబడి ఒంటి కొలతను బట్టి అందరికీ ఒకే లెక్కన ఇచ్చారు. అది స్త్రీ శరీరంలో ఎంతసేపుంటుంది, పురుషుడి శరీరంలో ఎంతసేపుంటుంది అని జర్మనీ పరిశోధకులు వయసు మళ్ళిన లింఫోమా రోగుల్లో చూసి 2012లో ప్రకటించారు. పురుషుల శరీరం నుంచి మందు త్వరగా వెళ్లిపోతోందని తేలింది. అంటే తక్కువ మందు అందుతున్నది మగవాళ్లకు! స్త్రీ పురుష భేదాన్ని లెక్కలోకి తీసుకోమని మనం అడిగితే అది ఆడవాళ్ల గొడవ అని తోసేసేవాళ్లు ఈ ఒక్క ఉదాహరణ గుర్తుపెట్టుకుంటే చాలు.

మాటల సంగతి కూడా చూద్దాం. ఇంగ్లీషు వైద్య వ్యాసాల్లో మందు పనిచేయకపోతే రోగి ఫెయిలయినట్టు రాస్తారు. కర్త రోగి! తెలుగులో ‘ఆమెకు మందు పనిచేయలేదు’ అంటాం. మన వ్యాకరణం నేరాన్ని మందు మీదే ఉంచుతుంది. అయినా ఆ వార్డులో తెలుగు డాక్టర్లు తెలుగు రోగుల గురించి ‘ఆవిడ ఫెయిలయింది’ అనుకోవడం నా చెవులతో విన్నాను. అలాగే ‘సర్వైవల్’. జబ్బు ముదరకుండా గడిచిన కాలం ఒకటి, మనిషి బతికి ఉన్న కాలం ఒకటి. ఆర్‌-చాప్‌లో విన్‌క్రిస్టిన్ తీసి పొలాటుజుమాబ్ చేర్చి 879 మందిలో జరిపిన ట్రయల్‌లో, రెండేళ్లపాటు జబ్బు ముదరనివారు 76.7 శాతం, పాత పద్ధతిలో 70.2 శాతం. బతికి ఉన్నవారు మాత్రం రెండు వైపులా దాదాపు సమానం. ఇది మేలే. అయితే ఏ రకం మేలో రోగికి విడమరిచి చెప్పాలి. ‘బతుకు’ అన్న మాటను పిన్ని రెండో అర్థంలోనే వింటుంది.

పిన్ని పెద్దగా చదువుకోలేదు కాబట్టి ఇలా జరిగిందనుకోవడం తేలిక. 1999లో పులిట్జర్ బహుమతి పొందిన మార్గరెట్ ఎడ్సన్ నాటకం ‘విట్’లో నాయిక సాహిత్య ఆచార్యురాలు. జాన్ డన్ కవిత్వంలో పండితురాలు. అండాశయ క్యాన్సర్‌తో ప్రయోగాత్మక చికిత్సకు ఒప్పుకుంటుంది. భాష మీద అంత అధికారం ఉన్నామె కూడా పరిశోధకుల కళ్లకు సమాచారంగానే మిగులుతుంది. లోపం చదివేవాళ్లలో కంటే ఆ సంబంధంలోనే ఉంది.

2024లో హెల్సింకి ప్రకటనను సవరించినప్పుడు ‘సబ్జెక్టు’ అన్న మాట తీసేసి ‘పార్టిసిపెంట్’ అని పెట్టారు. సంతోషం. పాల్గొన్నవారికి ఫలితాలు తెలుసుకునే అవకాశం ఇవ్వాలని అదే ప్రకటనలో 2013 నుంచీ ఉంది. పిన్ని బాగానే ఉంది. ఆ ట్రయల్ ఫలితం అచ్చయిన సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. నేనే వెతికి పట్టుకున్నాను. కొత్త మందు కలపడం వల్ల అదనంగా ప్రయోజనం కనిపించలేదని అందులో ఉంది. ఏ గుంపులో వేశారో తెలపమని ఆసుపత్రికి రెండుసార్లు ఉత్తరం రాశాను. జవాబు లేదు.

పత్రాన్ని రోగుల చేత, ముఖ్యంగా స్త్రీల చేత చదివించి, వాళ్ల మాటల్లోకి తిరగరాయాలి. ఒప్పుకోలు అడిగేటప్పుడు కొంతసేపైనా ఆమెతో ఒంటరిగా మాట్లాడాలి. ఫలితం వచ్చాక ఇంటికి కబురు పెట్టాలి. వీటికి కొత్త మందులు కనిపెట్టనక్కర్లేదు.

పోయిన సంక్రాంతికి ఆ వ్యాసంలోని పట్టిక పిన్నికి చూపించాను. కళ్లజోడు పెట్టుకుని అంకెల మీద వేలు పెట్టి చూసింది.

“ఇందులో నేనెక్కడున్నానే?” అంది.

“ఈ రెండు వరసల్లో ఏదో ఒకదాంట్లో ఉన్నావు పిన్నీ. ఏదో చెప్పడం లేదు.”

“మందు పనిచెయ్యదని తేలిందంటున్నావుగా. అదైనా మాకు చెప్పాలిగా మరి. అన్నిసార్లు నెత్తురిచ్చాం” అంది.