పేరు చూచి పీట వేసిన మెయిల్ సాఫ్ట్‌వేరు

బ్రౌజరులోనే ఈ-మెయిలు తెరచి చదువు పద్ధతి కార్యాలయములలో విరివిగా కలదు. ఇందు కలసి పనిచేయవలసినవి రెండు: దూరముననున్న సర్వరులోని మెయిల్ సాఫ్ట్‌వేరు, ఎదుటి కంప్యూటరులోని బ్రౌజరు. ఒకటి మారి రెండవది మారనిచో ఏమగునో 2013లో స్పష్టముగా తెలిసివచ్చినది.

ఆ యేడు అక్టోబరు 17న విండోస్ 8.1తోను, నవంబరు 7న విండోస్ 7 కొరకును మైక్రోసాఫ్ట్ సంస్థ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 11ను విడుదల చేసినది. ఆ సంస్థదే అయిన ఎక్స్ఛేంజ్ 2010 సర్వరులో మెయిలు తెరచిన పెక్కుమందికి అలవాటైన పుటకు బదులు ‘లైట్’ అను తేలిక పుట ఎదురైనది. ఉత్తరముల పట్టికను, ఉత్తరమును ఒకేసారి చూచు వీలు పోయినది. వ్రాయునపుడు అక్షరములకు రంగు వేయు వీలును లేదు. శక్తి చాలని పాత బ్రౌజరులకై ఏర్పరచిన పుట సరిక్రొత్త బ్రౌజరుకు దక్కినది!

కారణము చిన్నది. పుటను కోరునపుడెల్ల బ్రౌజరు తన్ను గురించి ఒక పరిచయ వాక్యము పంపును. ఎక్స్‌ప్లోరరు వాక్యములో పదవ కూర్పు వరకు ‘ఎం.ఎస్.ఐ.ఇ.’ అను నాలుగక్షరములుండెడివి. పదునొకండవ కూర్పులో వానిని తీసివేసిరి. సర్వరు వానికై వెదకి, కానక, ఎవరో అపరిచితులు వచ్చిరని తలచినది.

దీనికి పరీక్ష కలదు. బ్రౌజరులోని ‘కంపాటిబిలిటీ వ్యూ’ జాబితాలో మెయిలు సైటును చేర్చినచో, బ్రౌజరు పాత పేరే చెప్పును. పూర్తి పుట వచ్చును. ఈ అమరికలో పేరుతోపాటు పుటను చూపు తీరును పాతదగును గనుక, పరీక్ష పరిపూర్ణము కాదు. అయినను, కావలసిన శక్తి ఆ బ్రౌజరులోనే ఉన్నదని మాత్రము తేలుచున్నది.

పేరు తీసివేయుట అకారణము కాదు. పాత ఎక్స్‌ప్లోరరు లోపములకు తగిన అతుకుల పుటలను ఆ పేరు చూచియే పెక్కు సైట్లు పంపుచుండెను. ప్రమాణములను పాటించు క్రొత్త కూర్పునకు అవి అక్కరలేదు. కావున తప్పులో అధికభాగము మెయిల్ సాఫ్ట్‌వేరుదే. నీకేమి చేతనగునని అడుగక, నీ పేరేమని అడిగినది. అందులో విచిత్రమేమనగా, పుట మొత్తము మార్చకయే సర్వరుతో మాటలాడు ‘ఎక్స్.ఎం.ఎల్.హెచ్.టి.టి.పి.’ అను సాధనము 1999లో ఎక్స్‌ప్లోరర్ 5తో వెలువడినది ఈ మెయిల్ సాఫ్ట్‌వేరు పూర్వరూపము కొరకే. ఒకే ఇంటివారు ఒకరినొకరు గుర్తింపలేదు. క్రొత్త బ్రౌజరును పంపుటకు ముందు ఇంటిలోని సర్వరుతో సరిచూచుకొనకపోయి ఉన్నచో, అది మన్నింపరాని అజాగ్రత్త.

ఈ జబ్బు పాతది. 1995లో ఎక్స్‌ప్లోరరే, మంచి పుటలు దక్కుటకై, నెట్‌స్కేప్ వాడు ‘మొజిల్లా’ పేరును తన వాక్యములో చేర్చుకొన్నది. 2009లో ఒపెరా పదవ కూర్పు వచ్చినపుడు, మొదటి అంకెను మాత్రమే చదువు సైట్లు 10ని 1గా తలచుటచే, తయారుచేసినవారు వాక్యము మొదట 9.80 అని వ్రాయవలసివచ్చినది.

సరియైన పద్ధతి, పుట తెరచుకొనునపుడే కావలసిన సాధనము బ్రౌజరులో ఉన్నదో లేదో ప్రోగ్రాము తానే పరీక్షించుట. ఉన్నచో వాడుకొనును, లేనిచో తేలిక మార్గము పట్టును. సాధనముండియు తప్పుగా పనిచేయు సందర్భములు కొన్ని కలవు. అట్టిచోట పేరు, కూర్పు సంఖ్య చూడక తప్పదు. అయినను తెలియని పేరును చేతకానితనముగా లెక్కించుట ఏ సందర్భమునను తర్కము కాదు.

ఎక్స్ఛేంజ్ 2010కు సంస్థ సహాయము 2020 అక్టోబరులో ముగిసినది. విండోస్ 10 కంప్యూటరులలో ఎక్స్‌ప్లోరర్ 11కు 2022 జూన్ 15న విరామమిచ్చిరి. దాని స్థానమున వచ్చిన ఎడ్జ్ బ్రౌజరు తన పరిచయ వాక్యములో మొజిల్లా, క్రోమ్, సఫారీ పేర్లన్నియు చెప్పి, చివర తన పేరు చెప్పుకొనుచున్నది.