ముందు జాబితా, తర్వాతే సూత్రం

ఇంటర్ గణితంలో ప్రస్తారాలు, సంయోగాలు మొదలుపెట్టగానే ఏ క్లాసులోనైనా వినిపించే ప్రశ్న ఒకటుంది: "సార్, ఇక్కడ ఎన్‌పీఆరా, ఎన్‌సీఆరా?" లెక్క చివరిదాకా చదవకముందే అడిగేస్తారు. పిల్లల్ని అని లాభం లేదు. మూడు గంటల్లో 160 ప్రశ్నలుండే ఈఏపీసెట్ వాళ్లకు ఆ తొందర నేర్పింది.

అందుకే మొదటిరోజు నేను బోర్డు మీద సూత్రం రాయను. తెలుగు క్లాసులో చదువుకున్న గురులఘువుల దగ్గరికి తీసుకెళ్తాను. మూడక్షరాల గణాలెన్ని అంటే "ఎనిమిది" అని ఠక్కున చెబుతారు. యమాతారాజభానస గుర్తుంది మరి! తొమ్మిదోది ఎందుకు లేదంటే మాత్రం ఆగిపోతారు. అన్నీ రాసి చూపించమంటాను. తోచినట్టు రాసినవాళ్లకు ఒకటి తప్పిపోతుంది, ఇంకొకటి రెండుసార్లు వస్తుంది. మొదటి అక్షరం గురువైనవి నాలుగు, లఘువైనవి నాలుగు అని వరసలో రాసినవాళ్లకు అనుమానమే ఉండదు. ఒక్కో స్థానానికి రెండు అవకాశాలు, కాబట్టి 2×2×2 అని వాళ్లే అంటారు. ఒకే గురువున్న గణాలు ఏరమంటే భ, జ, స దొరుకుతాయి. గురువుకు మూడు చోట్లలో ఒకటి ఎంచడమే 3సీ1 అని అప్పుడు చెబితే చాలు.

అసలు చిక్కు 'కనీసం' అనే మాటతో వస్తుంది. ముగ్గురు అమ్మాయిలు, ఇద్దరు అబ్బాయిల్లోంచి ఇద్దరిని ఎంచాలి, కనీసం ఒక అమ్మాయి ఉండాలి. ముందు ఒక అమ్మాయిని 3 రకాలుగా, మిగిలిన నలుగురిలో ఒకరిని 4 రకాలుగా ఎంచి 12 అనేస్తారు చాలామంది. తప్పని చెప్పను, జంటలు రాయమంటాను. 'లత, రమ' రాశాక 'రమ, లత' కూడా కాగితమ్మీద పడేసరికి ఎవరో ఒకరు "రెండూ ఒకటే కదా సార్" అంటారు. ఇద్దరూ అమ్మాయిలైన 3 జంటలూ రెండేసిసార్లు వచ్చాయి. జవాబు 9. మొత్తం 10 జంటల్లోంచి ఇద్దరూ అబ్బాయిలైన ఒక్క జంటను తీసేసినా 9 వస్తుంది. రెండు దారుల్లోనూ ఒకే జవాబు వచ్చిందంటే ఇక నన్ను అడగక్కర్లేదు.

ఆరు వేర్వేరు అక్షరాలతోనే 720 అమరికలు వస్తాయి, అన్నీ రాయడం ఎవరి తరమూ కాదు. సూత్రం కావలసింది అక్కడే. అయినా చిన్న అంకెలతో ఒకసారి రాసి చూసుకున్నవాడికి దేన్ని దేనితో ఎందుకు భాగించాలో తెలుస్తుంది.

తోటి లెక్చరర్లకు నాదొక మనవి. ఈ పాఠంలో మొదటి రెండు క్లాసులు సూత్రం లేకుండా నడిపి చూడండి. పీనా, సీనా అనే ప్రశ్నకు జవాబు పిల్లలే చెబుతారు.