పట్టాకు పూచీ ఎవరిది?

పిక్కిలి విద్యార్థి ఒకడు ధర్మపురి జిల్లాలోనే ఒక అనుబంధ కళాశాలలో బి.ఏ. చేరాడనుకుందాం. పాఠం చెప్పేది కళాశాల. పట్టా ఇచ్చేది సేలంలోని పెరియార్ విశ్వవిద్యాలయం. 1997లో అది ఏర్పడక ముందు పట్టా మద్రాసు నుంచి వచ్చేది. దూరం తగ్గింది, ఏర్పాటు మారలేదు.

ఈ ఏర్పాటుకు మూలం 1857లో ఉంది. కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాలను లండన్ నమూనాలో పరీక్షలు జరిపే సంస్థలుగా నెలకొల్పారు. బోధన కళాశాలల వంతయింది. స్వయంప్రతిపత్తి లేని కళాశాలల్లో నేటికీ అదే తీరు. పాఠ్యప్రణాళికను విశ్వవిద్యాలయపు బోర్డ్ ఆఫ్ స్టడీస్ తయారుచేస్తుంది. రోజూ పాఠం చెప్పే అధ్యాపకుడికి అందులో చోటు దొరకడం అదృష్టం. ప్రశ్నపత్రం ఇంకెవరో కూరుస్తారు. చదువు నాసిగా ఉందంటే, సిలబస్ మాది కాదంటుంది కళాశాల. బోధన మాది కాదంటుంది విశ్వవిద్యాలయం. విచిత్రమేమంటే ఇద్దరూ చెప్పేది నిజమే!

1994లో వచ్చిన న్యాక్ ఈ చిక్కు విప్పిందని మేము అనుకోము. అది ప్రధానంగా సంస్థ మొత్తానికి గ్రేడు ఇస్తుంది. గ్రేడు ఘనంగా ఉన్న చోటే ఒక బి.ఏ. మూలన పడి ఉండవచ్చు. నాణ్యతా విభాగం ఏటా నివేదిక పంపుతుంది కదా అంటారు. ఆ నివేదిక రాసేవారికి సిలబస్‌లో ఒక్క పాఠం మార్చే అధికారం లేదు.

ఒకరిద్దరు అధ్యాపకులతో నడిచే రాష్ట్రేతర తెలుగు శాఖలకు ఇది మరీ ప్రమాదం. ఒకరు పదవీ విరమణ చేస్తే కోర్సు గతి ఏమిటో చెప్పవలసినవారే ఉండరు. ప్రతి డిగ్రీకీ పేరుపెట్టి అడగదగిన బాధ్యులు ఒకరుండాలి. వారు ఏడాదికొకసారైనా కళాశాలకు వచ్చి, తరగతిలో వెనక బల్లమీద కూర్చుని, ఆ విద్యార్థి జవాబుపత్రం చదవాలి.