చిట్టాకెక్కిన సముద్రం

దినచర్యా, నీ తొందరకు నా మొదటి దండం. ఈ పూట ముగింపు ఏమిటో తెలియకుండానే ఈ పూట సంగతి రాసేసుకుంటావు. రేపు తుపాను వస్తుందని నీకు తెలియదు, ఎల్లుండి కోట కూలుతుందనీ తెలియదు. తెలియకపోవడమే నీ బలం.

1736 సెప్టెంబరు 6. మన పంచాంగంలో నల నామ సంవత్సరం. ఫ్రెంచివాళ్ళ పుదుచ్చేరిలో 27 ఏళ్ళ వర్తకుడు ఆనందరంగ పిళ్ళై నిన్ను తెరిచాడు. విన్నవీ చూసినవీ, ఓడల రాకపోకలూ, ఊళ్ళో జరిగే వింతలూ నీలో దాస్తానని పూనుకున్నాడు. ఆ పూనిక ఊరికే పోలేదు. మధ్యమధ్య ఖాళీలు పడ్డా, నల సంవత్సరంలో పట్టిన కలం విక్రమ దాకా, అంటే 1761 జనవరి దాకా నడిచింది. ఆయన రాసింది మాట్లాడే తమిళంలో, బజారులో బేరమాడే తమిళంలో. అందుకే రెండున్నర శతాబ్దాలు దాటినా నీ పుటల్లో మనుషుల గొంతు వినిపిస్తుంది.

వర్తకుడి ఇంట పుట్టావు, నీది చిట్టా స్వభావం. ఏ పద్దు ఆ పూటే, వచ్చిన వరసలోనే. ఓడ దిగిన వెండి పక్కన ఇంట్లో జ్వరం, జ్వరం పక్కన గవర్నరు విసుగు, ఆ విసుగు పక్కన జ్యోతిష్కుడు చెప్పిన మంచి ఘడియ. ఎవరి పద్దు వాళ్ళ ఖాతాకు ఎక్కించే ఆవర్జా పని తరవాత చరిత్రకారులు చేశారు. గవర్నరు డూప్లేకు ఒక ఖాతా, ఫ్రెంచి నౌకాదళం నడిపిన లాబుర్డొనేకు ఒకటి, కర్ణాటక యుద్ధాలకు ఒకటి. అక్కడ జమాఖర్చులు చక్కగా తేలతాయి. నీ దగ్గర తేలవు, తేలాలని నువ్వూ కోరుకోవు.

నీ ఊరికి రేవు లేదు. కోరమాండల్ తీరమంతా అంతే, తిన్నగా పరుచుకున్న ఇసుక. ఓడలు దూరంగా, లోతు నీళ్ళలో లంగరు వేసేవి. ఓడకూ ఒడ్డుకూ నడుమ కెరటాలు విరిగే పట్టీ ఉంది. బరువైన సరుకుతో దాన్ని దాటించగలిగింది కుట్టు పడవ ఒక్కటే. ఒక్క మేకు లేకుండా, పలకకు పలకను కొబ్బరి పీచు తాడుతో కుట్టేవారు. మేకులు దిగేసిన గట్టి పడవను కెరటం ఎత్తి ఇసుక మీద కుదేస్తే పలకలు విచ్చిపోతాయి. కుట్టు పడవ ఒళ్ళు వంచి ఆ దెబ్బను కాచుకుంటుంది. కుట్ల సందుల్లోంచి నీళ్ళు ఊరుతూనే ఉంటాయి, ఒకడు తోడి పోస్తూనే ఉంటాడు, తక్కినవాళ్ళు తెడ్లు ఆపరు. మన ఉత్తర కోస్తాలో అలివి వలలు మోసిన పడవలూ ఈ జాతివే. ఫ్రాన్సు రాజు పంపిన ఉత్తరమైనా, కొత్త గవర్నరైనా, పెట్టెల కొద్దీ వెండైనా, ఆ పీచు తాళ్ళను నమ్ముకునే ఒడ్డుకు చేరాలి. అక్టోబరు వచ్చి ఈశాన్యపు గాలి తిరిగిందంటే తుపాను భయం. ఓడలు లంగరెత్తి వెళ్ళిపోయేవి. ఒడ్డున నీకు మిగిలేది పుకార్లూ, ఎదురుచూపూ.

ఆ ఎదురుచూపుకు బలమైన కారణముంది. ఓడ రాకపోతే వెండి రాదు. వెండి రాకపోతే టంకశాలలో రూపాయి పడదు. ఆర్కాటు రూపాయలు ముద్రించుకునే అనుమతి ఫ్రెంచివాళ్ళకు దొరికింది కూడా నువ్వు మొదలైన ఏడే. రూపాయి లేనిదే సాలెలకు బయానా లేదు. బయానా ముట్టనిదే మగ్గం ఆడదు. మగ్గం ఆడకపోతే వచ్చే ఏడు ఓడకు ఎత్తే బట్ట ఉండదు. దూరాన తెరచాప కనబడిందన్న కబురు విని ఊరంతా ఇసుకలోకి పరుగెత్తిందంటే అది వేడుకకు పరుగు కాదు, తిండికి. నువ్వు ఒక్కొక్క ఓడకూ పేలిన ఫిరంగులు లెక్కపెట్టి మరీ రాశావు. ఎవరికి ఎన్ని మోతలు, ఎవరికి ఎన్ని తగ్గాయి. పిళ్ళైగారికి మర్యాదల మీద మమకారం ఎక్కువే, దాచేదేముంది. పెద్ద దుబాసీ కనకరాయ ముదలి 1746లో పోయాక ఆ పదవి ఈయనకు దక్కింది. పల్లకీలూ బిరుదులూ వరసగా వచ్చాయి. వాటిలో ఒక్కటీ నీకు చెప్పకుండా ఉండలేకపోయాడు.

నీకు ఎక్కువగా మొక్కాలనిపించేది మాత్రం 1748 సెప్టెంబరు పుటల దగ్గర. ఇంగ్లీషు నౌకాధిపతి బాస్కవెన్ సేన పట్నాన్ని ముట్టడించి ఉంది. ఆ సందట్లో, జెస్యూట్ల చర్చికి ఆనుకుని ఉన్న వేదపురీశ్వరుడి గుడిని పడగొట్టించారు. మత గురువులు ఏళ్ళ తరబడి అడుగుతున్న పని, గవర్నరు భార్య మదాం డూప్లే అండతో యుద్ధం పేర జరిగిపోయింది. ఫాదర్ కేర్దూ పెద్ద సుత్తి పట్టుకుని వచ్చి, లింగాన్ని కాలితో తన్ని, సుత్తితో బద్దలు కొట్టాడని చెప్పగా విని పిళ్ళై రాసుకున్నాడు. కులపెద్దలు మొర పెట్టుకోవడానికి వచ్చారు. వచ్చినవాళ్ళు ఒక మాట మీద నిలబడలేదని వాళ్ళ మీదా విసుక్కున్నాడు. గవర్నరు కొలువుకు వెళ్ళడం తాను మానాడా అంటే, మానలేదు. ఆ మాటా నీలోనే తెలుస్తుంది.

ఇప్పుడు ఆవర్జా తిప్పి చూస్తే అదే కేర్దూ మరో ఖాతాలో కనిపిస్తాడు. తెలుగు నేర్చి, తెలుగు, ఫ్రెంచి, సంస్కృతం కలిపి నిఘంటువు కూర్చిన పండితుడు. సంస్కృతానికి గ్రీకు, లాటిన్ భాషలతో ఉన్న పోలికల మీద 1767లోనే పారిస్‌కు రాసి పంపాడు, విలియం జోన్స్ అదే మాట కలకత్తాలో చెప్పడానికి దాదాపు ఇరవై ఏళ్ళ ముందు. భాషాశాస్త్రం పుస్తకాల్లో ఆయన చేతిలో కలమే ఉంటుంది. సుత్తి నీ దగ్గరే ఉంది. నువ్వు లేకపోతే ఆ చేతులు రెండూ ఒకే మనిషివని మనకు తట్టేది కాదు. మన నుడిని అంత ప్రేమగా కూర్చినవాణ్ణి తలచుకుని నేను సంతోషించాలా, బాధపడాలా? నువ్వు తీర్పు చెప్పవు. ఆ రోజు తారీఖు వేసి ఊరుకుంటావు.

1743లో మరో పద్దు. పల్లెల్లో అమాయకుల్ని మాయమాటలతో పట్టి తెచ్చి, బానిసలుగా ఓడలకెక్కించే ముఠా బయటపడింది. ఏ తీరాన బట్టల మూటలు ఎత్తారో ఆ తీరానే మనుషుల్నీ ఎత్తారు. నువ్వది రాశావు. చాలా ఆవర్జాలకు అది ఎక్కలేదు.

నీ మీద నాకు ఫిర్యాదులూ ఉన్నాయి. మదాం డూప్లే నీ పుటలోకి వచ్చిందంటే పిళ్ళై కలం చేదెక్కుతుంది. ఆమె పక్క మాట వినాలంటే నీ దగ్గర కుదరదు. పడవ వాళ్ళు నీలో ఎక్కువగా గుంపుగానే తిరుగుతారు. కెరటంలో నీళ్ళు తోడిన ఆ ఒకడికి ఇంటి దగ్గర ఎవరున్నారో, ఆ పూట పొయ్యి రాజిందో లేదో నువ్వు అడగలేదు. దుబాసీ మిద్దె మీంచి కనిపించినంత మేరే నీ సముద్రం.

అయినా పొగడ్త కన్నా నిన్నే నమ్ముతాను. ఇదే రంగ పిళ్ళైని ఆశ్రయించి మన కస్తూరి రంగకవి ‘ఆనందరంగరాట్ఛందము’ అనే తెలుగు లక్షణ గ్రంథం రాసి ఆయనకు అంకితమిచ్చాడు. తమిళ దుబాసీ ఇంట తెలుగు ఛందస్సు పోషణ పొందిందంటే ఆ కాలపు తీరం ఎంత కలగలుపుదో తెలుస్తుంది. కావ్యంలో ఆయన రాజు. నీలో ఆయన బాకీలు వసూలు కాక, ఓడ కబురు రాక, దొర మొహం ఎలా ఉందో చూసుకుంటూ బతికిన మనిషి. కవి చూపించిన రాజును చూసి తలవంచుతాను, కూర్చుని కబుర్లు చెప్పుకునేది మాత్రం నువ్వు చూపించిన మనిషితోనే.

1754లో డూప్లే ఓడెక్కి వెళ్ళిపోయాడు. 1760లో ఇంగ్లీషువాళ్ళు మళ్ళీ పట్నాన్ని చుట్టుముట్టారు, తిండికి కటకట వచ్చింది. 1761 జనవరిలో పిళ్ళై కన్నుమూశాడు. ఆ నెలలోనే పట్నం ఇంగ్లీషువాళ్ళ చేతికి పోయింది, వాళ్ళు దాన్ని నేలమట్టం చేశారు. ఇంటివాళ్ళు నిన్ను పారేయలేదు, ఆయన తరవాత తామూ రాశారు. 1846లో గల్వా మోంబ్రన్ అనే ఫ్రెంచివాడు ఆ ఇంట్లో నిన్ను కనిపెట్టి నకలు రాయించాడు. మరో నకలు పారిస్ చేరింది. మా కాలానికి వచ్చేసరికి తమిళ రచయిత ప్రపంచన్ నీలోంచి నవలలు తోడాడు, వాటిలో ‘వానం వసప్పడుం’కు 1995లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది.

ఇంకో ముచ్చట. నిన్ను ఇంగ్లీషులోకి మార్పించి 1904 నుంచి 1928 దాకా పన్నెండు సంపుటాలుగా అచ్చువేయించింది మద్రాసు ప్రభుత్వం, అంటే పిళ్ళై జీవితమంతా ఓడిపోవాలని కోరుకున్న ఇంగ్లీషువాళ్ళే. ఈ సంగతి తెలిస్తే ఆయన ముందు కాగితానికీ కూలికీ ఎంతయిందని అడిగి ఉండేవాడు. ఆ మొత్తం, తారీఖుతో సహా, రాత్రికి నీలో వేసుకునేవాడు.